బూడిద గుంట దగ్గరి ఆడవాళ్లు

1988 జూన్‌లో నన్ను కాజీపేట నుంచి షోలాపూర్‌కు వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఊరి అంచున ఉన్న ఒక చిన్న ఆవిరి ఇంజన్ల షెడ్డును మూసేయాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. ఆ మూసివేత వల్ల పని పోయే సిబ్బంది సంగతి చూడటం నాకు అప్పగించిన పని.

వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ అంటే ఏం చేస్తారో బయటివాళ్లకు అంతగా తెలియదు. యూనిఫాం ఉండదు, చేతిలో జెండా ఉండదు. పర్సనల్ ఆఫీసరు కింద పనిచేసే మూడో తరగతి ఉద్యోగి. ఆఫీసులో కూర్చునే గుమస్తాకూ లైనులో పనిచేసే కార్మికుడికీ మధ్య తిరిగే మనిషి. పింఛను ఆగిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లడం, డ్యూటీలో చనిపోయినవాడి భార్యకు ఉద్యోగం వచ్చేలా కాగితాలు నడిపించడం, క్వార్టర్ల తగాదాలు, ఆస్పత్రి ఏర్పాట్లు, ఇవన్నీ మా పనులే. అప్పట్లో ఆ ఉద్యోగంలో ఆడవాళ్లు చాలా తక్కువ. వితంతువులు నాతో అయితే మనసు విప్పి మాట్లాడతారని నన్ను అందులో వేశారు.

షెడ్డు మూతపడితే అందులో మంజూరైన పోస్టులన్నీ రద్దవుతాయి. పోస్టు రద్దయినంత మాత్రాన మనిషిని తీసేయరు. అతణ్ణి ‘సర్‌ప్లస్’గా ప్రకటిస్తారు. స్క్రీనింగుకు పిలిచి, చదువూ ఒంట్లో సత్తువా చూసి, మరో శాఖలో సమానమైన పోస్టుకు పంపుతారు. అవసరమైతే శిక్షణ ఇస్తారు. పాత జీతం తగ్గకూడదు. ఆ లెక్కన బాయిలర్ మేకర్లు డీజిల్ షెడ్డులో ఫిట్టర్లయ్యారు. పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్లు డీజిల్ అసిస్టెంట్లయ్యారు. బూడిద లాగే ఖలాసీలు రైలు పెట్టెలు కడిగే యార్డుకు వెళ్లారు. పిల్లల చదువు మధ్యలో ఉందని ఒకరు, తల్లికి పక్షవాతమని ఒకరు, ఊరు వదలలేమని మొరపెట్టుకున్న ప్రతివాడి ఇంటికీ వెళ్లి విచారించి, వీలైనంత వరకు అక్కడే సర్దుబాటు చేశాను. ఒక్కడు కూడా వీధిన పడలేదు. ఇది మంచి పద్ధతి. ఇప్పటికీ అదే అంటాను.

నేను చెప్పబోయేది ఆ పద్ధతిలోకి రానివాళ్ల సంగతి.

ఆవిరి ఇంజను పని ముగించుకుని షెడ్డులోకి రాగానే మొదట బూడిద గుంట మీద ఆగుతుంది. పట్టాల మధ్య ఇటుకలతో కట్టిన పొడవాటి గుంట అది. ఫైర్‌మన్ పొయ్యి అడుగు తెరిచి నిప్పంతా గుంటలోకి వదులుతాడు. ఖలాసీలు దానిమీద నీళ్లు కొట్టి, పొడవాటి ఇనప కొంకీలతో బయటికి లాగుతారు. ఆ కుప్పలో సగం బూడిద. మిగతా సగం కాలీ కాలకుండా మిగిలిన బొగ్గు ముక్కలు. వాటిని సిండర్ అంటాం. రైల్వేకు అది చెత్త. కాబట్టి ఏటా వేలం వేసి ఒక ఠేకేదారుకు, అంటే కాంట్రాక్టరుకు, ఇచ్చేవారు. ఠేకేదారు ఆడవాళ్లను పెట్టి ఏరించేవాడు. పెద్ద ముక్కలు అతనివి. అవి ఇటుక బట్టీలకు వెళ్లేవి. చిన్న ముక్కలు ఏరినవాళ్లు గంపల్లో ఎత్తుకుపోయి దాజీ పేట్ నుంచి నీలం నగర్ దాకా నేతగాళ్ల వాడల్లో అమ్ముకునేవారు, తమ ఇళ్లలోనూ మండించుకునేవారు.

ఆ వాడల్లో వంట చాలా ఇళ్లలో సిగిడీ మీద. పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన కుంపటి అది. పొద్దున్నే సందులో పెట్టి ముట్టిస్తారు. మొదటి పొగంతా వీధిలోనే పోయాక, ఎర్రబడిన సిగిడీని లోపలికి తీసుకుపోతారు. రొట్టెలూ అన్నమూ దాని మీదే. వంటయ్యాక మిగిలిన వేడి మీద వానాకాలంలో ఆడవాళ్లు బీడీలు ఆరబెట్టుకునేవారు. అది ఆరోగ్యకరమైన వంటిల్లని నేను అనను. కానీ ఆ ఇళ్లలో ఉన్నవాటిలో అన్నిటికంటే తక్కువ పొగ వచ్చేది అదే.

స్క్రీనింగు జరిగే రోజు ఖలాసీలంతా ఫోర్‌మన్ గది వరండాలో వరుసగా నిలబడ్డారు. వరుస చివర కొందరు ఆడవాళ్లు కూడా వచ్చి నిలుచున్నారు. చేతులకు మోచేతుల దాకా బూడిద. కాళ్లకు టైరు చెప్పులు. గుమస్తా వాళ్లను అదిలించబోతే అందరికంటే ముందున్నావిడ అతణ్ణి పట్టించుకోకుండా నా వైపు తిరిగి మరాఠీలో ఏదో అడిగింది. నాకు మరాఠీ ఇంకా సరిగా రాదని తెలుగులో అన్నాను. ఆమె ముఖం విప్పారింది.

“తెలుగామెవా? అయితే అక్కా అంట,” అంది. “మా పేర్లు గూడ రాస్కో అక్కా. మొగోళ్ల పేర్లు రాస్తున్నవ్ గద.”

ఆమె నర్సవ్వ. నలభై దాటిన మనిషి. పుట్టింది సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో. మగ్గం పని కోసం షోలాపూర్ వచ్చిన కుటుంబంలో కోడలిగా అడుగుపెట్టింది. భర్త పవర్‌లూమ్ మీద పనిచేసి, దగ్గుతో మంచం పట్టి పోయాడు. అప్పటినుంచి బూడిద గుంట దగ్గరే. కూతురు పద్మ ఇంట్లో బీడీలు చుట్టేది. అల్లుడు భివండీ మగ్గాల మీద పనికని వెళ్లి పండగలకు వచ్చిపోయేవాడు.

మీరు రైల్వే మనుషులు కారు, ఠేకేదారు మనుషులు, అతని దగ్గరికి వెళ్లండి అని నేను చెప్పాను. నియమం అదే. ఆమె కోప్పడలేదు.

“ఠేకేదార్‌ను అడిగితే, మీరు నా మనుషులు గారు, మీ ఖుషీతోని మీరు ఏరుకుంటుండ్రు అన్నడు. మరి మేం ఎవల మనుషులం?”

ఠేకేదారును ఆఫీసుకు పిలిపించాను. నర్సవ్వ చెప్పినట్టే అన్నాడు. అతని దగ్గర హాజరు పట్టీ లేదు. కూలి అంటూ కొంత చేతికిచ్చేవాడు, మిగతాదానికి బదులు చిన్న సిండర్ పట్టుకుపొమ్మనేవాడు. ఆ తర్వాత అతను కొత్తగా పాత ఇనుము వేలాలకు దిగాడని విన్నాను. బూడిద గుంటతో అతనికి ఇక పని లేదు.

నేను ఒక ప్రతిపాదన తయారుచేశాను. పెట్టెలు కడిగే యార్డులో వానాకాలానికి ముందు దినకూలీలను తీసుకుంటారు. ఆ పనికి ఈ ఆడవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలని రాశాను. ఏళ్ల తరబడి మన షెడ్డు ఆవరణలో, మన ఫోర్‌మన్ కళ్లముందే పనిచేశారని కారణం చూపించాను. పర్సనల్ ఆఫీసరు దాన్ని నా ముందే పూర్తిగా చదివారు. చెడ్డవాడు కాదు. నన్ను కూర్చోమని, టీ తెప్పించి, మెల్లగా చెప్పారు. సర్‌ప్లస్ అన్నది మంజూరైన పోస్టుకు వర్తించే మాట. వీళ్లకు ఏనాడూ పోస్టు లేదు. లేని పోస్టు రద్దు కాదు. రద్దు కానిదానికి సర్దుబాటు ఉండదు. మీరు అడిగేది న్యాయమే, కానీ ఏ పద్దు కింద రాయమంటారు అని నన్నే అడిగారు. ఆ సంవత్సరం దినకూలీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ద్వారా తీసుకున్నారు. చదువు కనీసం ఐదో తరగతి అడిగారు. బూడిద గుంట దగ్గరి ఆడవాళ్లలో బడి మెట్లు ఎక్కినవాళ్లే లేరు.

మరుసటి వేసవిలో షెడ్డులో చివరి పొయ్యి ఆరింది. పెద్దలు వచ్చి దండలు వేశారు. ఇకనుంచి స్టేషన్‌లో పొగ ఉండదని, ప్రయాణికుల కళ్లలో నలుసు పడదని ఒకాయన మాట్లాడారు. నిజమే. మాకు ఆఫీసు కిటికీ గట్టు మీద రోజూ మసి తుడుచుకునే బాధ తప్పింది. మరుసటి ఉదయం నేను షెడ్డు తాళాలు తీసుకోవడానికి వెళ్తే నర్సవ్వా ఇంకొందరూ ఎప్పటిలా గుంట దగ్గరికి వచ్చి కూర్చుని ఉన్నారు. ఇంజన్లు ఇక రావని వాళ్లకు తెలుసు. ఇంటికాడ కూసుంటే ఏం ఉన్నది, ఈడ కూసున్నం అన్నారు. గుంట అడుగున మిగిలిన పొడిని గరిటెలతో గోకి తీసుకెళ్లారు.

ఉద్యోగం ఇప్పించలేకపోయాను కాబట్టి పొయ్యి సంగతైనా చూద్దామనుకున్నాను. ఇది నా డ్యూటీ కాదు. సెలవు రోజుల్లో తిరిగాను. కిరోసిన్‌కు రేషన్ కార్డు కావాలి. గ్యాసు కనెక్షన్‌కు కార్డుతో పాటు ఏళ్ల నిరీక్షణ కావాలి. కరెంటు మీటరుకు ఇంటి రుజువు కావాలి. ఏ ఆఫీసుకు వెళ్లినా చివరికి అడిగేది ఒక్కటే, అద్దె రసీదు. నర్సవ్వ ఉండే గది దాజీ పేట్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డు వెనక గోడకు ఆనించి వేసిన రేకుల గది. గోడకు అవతల మగ్గాలు పొద్దంతా కరెంటు మీద దడదడమని ఆడుతుంటాయి. ఇవతల గదిలో మగ్గాల లైను నుంచి లాగిన ఒక్క బల్బు. మగ్గాలు ఆగితే అదీ ఆరిపోతుంది.

యజమానిని కలిశాను. వాళ్లూ తెలంగాణ నుంచి వచ్చినవాళ్లే. అతని తాత కూడా చేతిమగ్గం నేసినవాడే. మర్యాదగా కుర్చీ వేశాడు.

“రసీద్ ఇయ్యనీకి నాకేం గావాలె మేడమ్? గని రసీద్ ఇస్తె రేపు గది మాదే అంటరు, కోర్ట్ కచేరీ అంటరు. గా పక్క గల్లీల గట్లనే అయ్యింది. ఉండనిస్తున్న గద, గదే బహుత్ అనుకోమనుండ్రి.”

హీటర్ పెట్టుకోనిస్తారా అని అడిగాను. తన బిల్లే తను కట్టలేకపోతున్నానని, ఆమె హీటర్ పెడితే వరసలోని గదులన్నీ అడుగుతాయని, దూది ఎగిరే చోట నిప్పురవ్వ లేస్తే షెడ్డంతా పోతుందని అన్నాడు. అతను చెప్పిన ప్రతి కారణమూ నిజమే. నేను లేచి వచ్చేశాను.

సిండర్ పోయాక ఆ వాడల్లో ఏం మండించారో చెబుతాను. డబ్బున్నవాళ్లు దొంగచాటు కిరోసిన్ కొనుక్కున్నారు. మిగతావాళ్లు మగ్గాల కింద రాలిన దూది తుక్కు, రంగు నూలు చిక్కులు, బీడీకి కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు, అట్టపెట్టెలు, చివరికి సైకిలు టైర్లు. సిగిడీలో ఇవి నిలవవు. పొగ పోయేదాకా వీధిలో ఉంచుదామంటే, పొగ పోయేసరికి నిప్పూ పోతుంది. అందుకని లోపలే ముట్టించాలి, పక్కన కూర్చుని తుక్కు వేస్తూనే ఉండాలి. తునికాకు ముక్కలకు అంటుకున్న పొగాకు పొడి వల్ల ఆ పొగ గొంతులో గుచ్చుకునేది. నేను ఆ గదిలో పావుగంట కూర్చోలేకపోయాను.

అప్పటికి పద్మకు ఆడపిల్ల పుట్టి నాలుగైదు నెలలు. తండ్రి పండక్కి వచ్చినప్పుడు పెడదామని ఇంకా పేరు పెట్టలేదు. చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, పక్కన చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. వాన మొదలైంది. చుట్టిన బీడీలను ఒక రేకు మీద పరిచి, పొగలు కక్కే ఆ తుక్కు మీద పెట్టింది. పాపను దూరంగా పెట్టమని అన్నాను.

“దూరం యాడున్నదక్కా?” అంది పద్మ. గది ఆ గోడ నుంచి ఈ గోడకు చూపించింది. “తడి బీడీ తీస్కపోతె ఛాట్, అంటె పనికిరాదని, ఇర్గగొట్టి పారేస్తరు. పైసల్ రావు, ఆకు గూడ పోతది. గీ పొగ ఉంటెనే బీడీ ఎండుతది.”

నా క్వార్టరులో ఉన్న రెండో కిరోసిన్ స్టవ్ తీసుకెళ్లి ఇచ్చాను. రెండు సీసాల కిరోసిన్ కూడా ఇచ్చాను. మళ్లీ వెళ్లినప్పుడు స్టవ్ తళతళలాడుతూ గోడ పక్కన ఉంది. దాని మీద బీడీ ఆకుల గంప పెట్టారు. కిరోసిన్ అయిపోయిందని, ఇంకా తెచ్చుకునే దారి లేదని పద్మ నా ముఖం చూడకుండా చెప్పింది. నాకిచ్చే కోటా నా ఒక్కదానికే సరిపోదు. అయినా నెలనెలా ఎంత మిగిల్చగలిగితే అంత ఇచ్చాను. అది వాళ్ల పొయ్యికి వారం కూడా రాలేదు.

ఊరి బయట సిగ్నలు దగ్గర బొగ్గు బండ్లు ఆగేవి. ఎక్కడో కరెంటు తయారుచేసే కేంద్రానికి వెళ్లే బొగ్గు. లైను ఖాళీ లేకపోతే ఆ బండ్లు అక్కడ చాలాసేపు నిలిచిపోయేవి. ఒకరిద్దరు ఆడవాళ్లు పట్టాల పక్కన రాలిన ముక్కలు ఏరడంతో మొదలుపెట్టారు. తర్వాత వ్యాగన్ ఎక్కి కిందికి తోయడం మొదలైంది. నర్సవ్వ కూడా వెళ్తోందని నాకు తెలిసి, బండి కదిలితే ప్రాణం పోతుందని గట్టిగా చెప్పాను. నేను పైకి ఎక్క, కిందనే ఏరుత అంది. కిందైనా అది రైల్వే ఆస్తేనని చెప్పాను.

“గుంటల బొగ్గు గూడ రైల్వేదే ఉండె గద,” అంది.

మొదటిసారి రైల్వే పోలీసులు పట్టుకుని హెచ్చరించి వదిలేశారు. మూడు వారాలు తిరక్కుండా మళ్లీ పట్టుబడింది. ఈసారి కేసు రాశారు. నేను పర్సనల్ ఆఫీసరు దగ్గరికి వెళ్లి, కోర్టులో ఆమె గురించి నాలుగు మాటలు చెప్పనివ్వమని అడిగాను. రైల్వే ఫిర్యాదీగా ఉన్న కేసులో రైల్వే ఉద్యోగి ముద్దాయి తరఫున నిలబడకూడదని ఆయన అన్నారు. సెలవు పెట్టుకుని వినడానికి వెళ్లొచ్చు, అది మీ ఇష్టం అన్నారు. సెలవు పెట్టి వెళ్లాను.

మేజిస్ట్రేటు మరాఠీలో అడిగారు, నేరం ఒప్పుకుంటావా అని. నర్సవ్వ చేతులు కట్టుకుని నిలబడింది. మొదట మరాఠీలోనే మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి వచ్చేసింది. బెంచి గుమస్తా ఒకడు దాన్ని మరాఠీలోకి మార్చి చెబుతూ పోయాడు.

“బొగ్గు తీస్కున్న సాబ్. అబద్ధం చెప్ప. గని నాకు ఒక్కటి సమజ్ గాలే. మొన్నటి దాంక గిదే రైల్వేల బొగ్గు ఏరితె, మంచిగ ఏరుతున్నవ్ అని ఠేకేదార్ పైసలిచ్చిండు. గిప్పుడు గదే బొగ్గుకు జేల్ అంటుండ్రు. నడుమ ఏం అయ్యిందో నాకు ఎవ్వలు చెప్పలె.”

అది కాలిన బొగ్గు, ఇది కాలని బొగ్గు అన్నారు మేజిస్ట్రేటు. ఆయన వెటకారంగా అనలేదు. చట్టం చూసే తేడా అదేనని ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలనే అన్నారు. హెచ్చరించాక మళ్లీ చేసింది కాబట్టి జరిమానాతో పోదని చెప్పి, రెండు నెలల శిక్ష వేశారు. నర్సవ్వ వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుంది.

“పద్మకు చెప్పక్కా, నేను వస్తనని. పాపకు పేరు నేను వచ్చినంక పెట్టుమను.”

ఆ వానాకాలం ముసురు విడవలేదు. తల్లి ఏరి తెచ్చే బొగ్గూ, దాని మీద వచ్చే డబ్బూ లేవు కాబట్టి పద్మ మామూలుకంటే ఎక్కువ బీడీలకు ఆకు తెచ్చుకుంది. ఎక్కువ బీడీలంటే వాటిని ఆరబెట్టడానికి ఎక్కువసేపు పొగ. ఒక మధ్యాహ్నం పక్కింటావిడ నా ఆఫీసుకు పరిగెత్తుకొచ్చింది. పాప ఊపిరి తీసుకోలేకపోతోంది, రమ్మని. నేను వెళ్లేసరికి పాప ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి, డొక్కలు లోపలికి పోతున్నాయి. మా రైల్వే ఆస్పత్రి దగ్గరే. కానీ అది సిబ్బంది కుటుంబాలకు. అక్కడ కాగితాల కోసం ఆగే వ్యవధి లేదని రిక్షాలో నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు వెంటనే చూసింది. ఆక్సిజన్ పెట్టింది. ఊపిరితిత్తులు వాచాయని చెప్పి, ఇంట్లో ఏం మండిస్తారని అడిగింది. నేనే చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి మా ఇద్దరినీ చూసింది. గ్యాసు పెట్టుకోండి అనలేదు. అలాంటి ఇళ్లు ఆవిడకు తెలిసే ఉంటాయి. మర్నాడు సాయంత్రం పాప చనిపోయింది.

అల్లుడికి భివండీకి టెలిగ్రాం ఇచ్చాం. అతను వచ్చేసరికి అంతా అయిపోయింది.

చావు కబురు చెప్పడం వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు పనిలో భాగం. బండి కింద పడ్డ గ్యాంగ్‌మన్ ఇంటికి మొదట వెళ్లేది మేమే. ఎలా చెప్పాలో పాత ఇన్‌స్పెక్టర్లు మాకు నేర్పుతారు. నిలబడి చెప్పకూడదు, కూర్చుని చెప్పాలి. పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. దేవుడి మాట ఎత్తకూడదు. కానీ నర్సవ్వ ఉన్న జైలులో ఖైదీలను కలిసే ములాఖత్‌కు ఇనప జాలీకి అటూ ఇటూ నిలబడే మాట్లాడాలి. ఆమె పక్కన ఒక మహిళా వార్డరు మాత్రం ఉంది. నర్సవ్వ నన్ను చూడగానే నవ్వింది. పద్మ రాలేదా అని అడిగింది. చెప్పాను.

ఆమె ఏడవలేదు. జాలీ ఇనుమును పట్టుకున్న వేళ్లు తీసి, మళ్లీ పట్టుకుంది. అప్పుడు అడిగింది.

“వాన తగ్గిందా అక్కా?”

తగ్గలేదన్నాను.

“అయితె పద్మ ఇంక గట్లనే ఆరబెడుతున్నదా?”

అవునన్నాను. ఆ రోజు ఉదయమే నేను చూసి వచ్చాను. పాప పోయిన నాలుగో రోజు నుంచి పద్మ మళ్లీ అదే రేకు మీద బీడీలు పరుస్తోంది. ఆకు తెచ్చుకున్నాక చుట్టిచ్చి తీరాలి, లేకపోతే ఆకు ఇచ్చే బీడీ కార్ఖానా ఆమె పేరు తీసేస్తుంది. నర్సవ్వ తల ఊపింది. వార్డరు సమయం అయిందని చెప్పింది.

శిక్ష పూర్తయి వచ్చాక నర్సవ్వ ఒకసారి కొంతం చౌక్‌లో ఎదురైంది. నెత్తి మీద గోనెసంచి నిండా దూది తుక్కు. ఇప్పుడు అది కూడా ఊరికే ఇవ్వడం లేదట. యజమాని షెడ్డు ఊడ్చి, కండెలు చుట్టి పెడితే దానికి బదులు ఇస్తున్నాడట. పద్మ మళ్లీ నీళ్లు పోసుకుందని చెప్పింది. ఈసారి కాన్పుకు సిరిసిల్ల పంపిస్తావా అని అడిగాను.

“ఆడ ఎవలున్నరు? ఈడనే,” అంది. పోబోతూ, “నీ తప్పు గాదక్కా. నువ్వు మస్తు తిరిగినవ్. గని తిరిగితె ఏం వస్తది?” అంది.

ఆమె నిష్ఠూరంగా అనలేదు. చూసిన సంగతి చెప్పింది. సంచి సర్దుకుని దాజీ పేట్ వైపు వెళ్లిపోయింది. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. నేను షోలాపూర్ వదిలేనాటికి ఆ గదికి రసీదూ రాలేదు, కార్డూ రాలేదు. బూడిద గుంట దగ్గర పనిచేసిన ఆడవాళ్లలో ఒక్కరికి కూడా నేను పని ఇప్పించలేకపోయాను.

ఆవిరి ఇంజన్లు పోవలసినవే. వాటి దగ్గర జీవితమంతా గడిపిన ఫైర్‌మన్ల ఛాతీ ఎక్స్‌రేలు నేను చూశాను. వాటిని తిరిగి తేవాలని ఎవరూ అనరు, నర్సవ్వా అనలేదు. కానీ ఒక పొయ్యిని ఆర్పేముందు దాని నిప్పు మీద ఇంకెవరి కుండ ఉందో చూడాలి. వాళ్ల కుండ దేని మీద పెడతారో ముందు తేల్చాలి. ఆ తర్వాతే ఆర్పాలి. మేము మొదట ఆర్పాం. హాజరు పట్టీలో పేరున్నవాళ్ల వరకు తేల్చాం. లేనివాళ్ల సంగతి ఏ ఆఫీసుదీ కాకుండా పోయింది.

నా సర్వీసులో ఆ తర్వాత మరికొన్ని మూసివేతలు చూశాను. ప్రతిసారీ సిబ్బందిని పిలిచే ముందు గేటు బయటికి వెళ్లి, ఈ పనిని నమ్ముకుని ఇంకెవరు బతుకుతున్నారో విచారించి, వాళ్ల సంగతి నా రిపోర్టులో ఒక విడి భాగంగా రాశాను. ఇన్‌స్పెక్టరు అలా రాయాలని నియమం ఎక్కడా లేదు, రాయకూడదనీ లేదు. ఆ భాగాన్ని చదివామని పైవాళ్లు సంతకం పెట్టేవారు. దానివల్ల ఒక్క మనిషికీ పని దొరకలేదు.